కుక్కుటేశ్వరరావు గారు మిలిటరీ సంబంధం చూడడం

మా రావులపాలెంలో కుక్కుటేశ్వరరావు గారు ఎవరో తెలియదన్నవాళ్లు ఇంకా పెళ్లికానివాళ్లయినా అయ్యుండాలి, లేచిపోయి పెళ్లి చేసుకున్నవాళ్లయినా అయ్యుండాలి. చుట్టుపక్కల రైతు కుటుంబాల్లో ఆయన మాట కలపకుండా కుదిరిన సంబంధాలు తక్కువ. నా పెళ్లీ ఆయన చలవే. "అబ్బాయి ముత్యమండి, నోట్లో నాలుక లేదు" అని మా నాన్నకి చెప్పారు. అది అక్షరాలా నిజం. మా ఆయన ఏం కూర వండాలో చెప్పడు, వండాక మాత్రం మొహం ముడుచుకుంటాడు. అంచేత పెళ్లిళ్ల పేరయ్య గారంటే నాకు గౌరవమూ ఉంది, కాస్త కడుపుమంటా ఉంది. ఈ కథ ఆ రెండూ కలిపే చెబుతున్నాను.

ఆయన పని తీరు వేరు. పెళ్లికొడుకు ఇంటికి తిన్నగా వెళ్లరు. ముందు ఆ వీధి చివర టీ కొట్టులో కూర్చుంటారు. పాలవాణ్ణి, ఇస్త్రీ బండివాణ్ణి పలకరిస్తారు. ఆ తరువాత "దాహమేస్తోందండి" అంటూ ఇంట్లోకి వెళ్లి, నీళ్లు తెచ్చేలోపు వంటిల్లు ఎంత శుభ్రంగా ఉందో, అత్తగారి గొంతు ఎంత దూరం వినిపిస్తుందో చూసుకుంటారు. ఇంకో గొప్ప సుగుణం, ఎవరికీ కాదని చెప్పరు. సంబంధం నచ్చకపోయినా "మీ మాట కాదంటామా అండి" అని నవ్వుతూ లేచి వచ్చేస్తారు. అవతలివాళ్లు పందిరి గుంజలు బేరమాడుకుంటూ ఉండిపోతారు.

ఆయనకి ఒక్కతే కూతురు, శ్రీదుర్గ. ఇంటర్ పూర్తయింది. పొడుగ్గా ఉంటుంది, కబడ్డీలో ఎదుటివాళ్ల నడుం పట్టుకుందంటే వదిలించుకోవడం కష్టం. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ "నాన్నగారూ, నేను మిలిటరీకి వెళ్తాను" అంది. వాళ్లమ్మ చేతిలో పులుసు గరిటె అలాగే ఆగిపోయింది. కుక్కుటేశ్వరరావు గారు మాత్రం అలవాటు ప్రకారం కాదనలేదు.

"చూద్దామమ్మా. ముందు వాళ్లెలాంటివాళ్లో కనుక్కోవాలి కదా."

"ఎవరు?"

"అదే, ఆ మిలిటరీ వాళ్లు."

సాయంత్రం నా నెట్ సెంటర్‌కి వచ్చారు. అరటి మార్కెట్‌కి ఎదురుగా నాకు రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషనూ ఉన్నాయి. ఊళ్లో పిల్లల దరఖాస్తులన్నీ నా చేతి మీదుగానే వెళతాయి. ఇప్పుడు అన్నిటిలోనూ అగ్నివీర్ పద్ధతే అని, ఆడపిల్లల్ని ఆర్మీలో అయితే మిలిటరీ పోలీసుకి తీసుకుంటారని, నేవీ, ఎయిర్‌ఫోర్స్ కూడా ఉన్నాయని చెప్పాను. ఆ ఏడాది మూడు నోటిఫికేషన్లూ దగ్గర దగ్గరగా పడ్డాయి.

"మూడింటికీ పెట్టేద్దాం బాబాయ్ గారూ, ఏది తగిలితే అది" అన్నాను.

ఆయన చెవులు మూసుకున్నారు. "అదేం మాటమ్మా సూర్యకళా! ఒకే పిల్లకి ఒకేసారి మూడు చోట్ల మాటలు నడిపితే నలుగురిలో పరువేముంటుంది? ఒక్కటి చూసుకోవాలి, మంచిది చూసుకోవాలి."

ఇక ఆరా మొదలైంది. మా ఊళ్లో రిటైరైన ఫౌజీలు ముగ్గురున్నారు. ఆర్మీలో సుబేదారుగా చేసి వచ్చిన శివరామకృష్ణ గారు, నేవీ నుంచి వచ్చి కూల్‌డ్రింకుల షాపు పెట్టుకున్న విజయ్ పాల్ గారు, ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చి లెక్కల ట్యూషన్లు చెప్పే ఉదయభాస్కర్ గారు. మన పేరయ్య గారు ముగ్గురి ఇళ్లకీ వెళ్లి, ముగ్గురి దగ్గరా మంచినీళ్లు తాగారు.

"తిండి ఎలా ఉంటుందండి మీ వైపు?" అని సుబేదారు గారిని అడిగారు.

"రొట్టె, పప్పు, కూర. అన్నం కూడా పెడతారండి."

"అన్నంలోకి ముందు ఏం వడ్డిస్తారు?"

"ముందూ వెనకా ఏముంటుందండి? ప్లేటులో అన్నీ ఒకేసారి పడతాయి."

కుక్కుటేశ్వరరావు గారు అక్కడ కొన్ని మార్కులు తగ్గించారు. నేవీ ఆయన దగ్గర ఇల్లు గురించి అడిగారు. ఓడలోనే ఉంటారండి అని విజయ్ పాల్ గారు ఛాతీ విరుచుకుని చెప్పారు. "అంటే స్థిరమైన ఇల్లు లేదన్నమాట" అని ఈయన నిట్టూర్చారు. ఎయిర్‌ఫోర్స్‌లో పని చాలావరకు నేల మీదే ఉంటుందని ఉదయభాస్కర్ గారు చెబితే, "అన్ని విమానాలు ఉంచుకుని పిల్లల్ని కింద నిలబెట్టడమేంటండి, ఎక్కించకూడదూ?" అని నొచ్చుకున్నారు.

అయినా లేచేటప్పుడు మూడిళ్లలోనూ "మీ మాట కాదంటామా అండి" అనే వచ్చారు. ఫౌజీలకి ఈ మర్యాదలు తెలియవు కదా. మాట ఇచ్చారనే అనుకున్నారు ముగ్గురూ.

మర్నాటి నుంచి శ్రీదుర్గ పని అయిపోయింది. తెల్లారకుండా సుబేదారు గారు ఈల ఊదుతూ కాలవ గట్టు మీద పరుగెత్తించేవారు. పరుగు ముగిసేసరికి విజయ్ పాల్ గారు తువ్వాలు పట్టుకుని రేవులో సిద్ధంగా ఉండేవారు, ఈతకి. సాయంత్రం ఉదయభాస్కర్ గారు ఫిజిక్సు పుస్తకంతో వాకిట్లో వాలేవారు. ఒకరికి ఇంకొకరి సంగతి తెలియకుండా, వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చి పంపేసే పని వాళ్లమ్మది. ఆవిడకి ఇలాంటివి కొత్త కాదు, పెళ్లివారిని ఒక గుమ్మంలోంచి లోపలికి, ఇంకో గుమ్మంలోంచి బయటికి పంపి అలవాటున్న ఇల్లాలు.

"అక్కా, ఈత వచ్చింది, లెక్కలు కూడా కొంచెం వచ్చాయి. కాళ్లే లేవడం లేదు" అని శ్రీదుర్గ నా కొట్టులో స్టూలు మీద కూలబడేది.

అప్పుడే రాజమహేంద్రవరంలో ఒక కాలేజీ గ్రౌండులో సైన్యం వాళ్లు అవగాహన సదస్సు పెట్టారు. కూతురితో వెళుతూ బాబాయ్ గారు తోడుగా నన్నూ రమ్మన్నారు. బస్టాండులో కుక్కుటేశ్వరరావు గారిని చూసి నేను కళ్లు మూసుకున్నాను. జరీ అంచు పంచె, భుజాన కండువా, చేతిలో చక్రకేళీ అరటిగెల. చూపులకి వట్టి చేతుల్తో వెళ్లడం ఆయన వంశంలోనే లేదట.

గ్రౌండు గేటు దగ్గర మిలిటరీ పోలీసు అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. ఎర్ర టోపీ, నిటారు నడుము. పేరేంటి, ఏ ఊరు, ఎందుకొచ్చారు అని ఒక్కొక్కరినీ అడిగి గానీ వదలడం లేదు. మా గెలని కూడా పళ్ల మధ్య వేళ్లు పెట్టి మరీ చూసింది. మా వెనకే వాళ్ల కల్నల్ గారి కారు వస్తే దాన్నీ ఆపి, లోపలికి తొంగి చూసి, అప్పుడు సెల్యూట్ కొట్టింది.

లోపల తెలుగు హవల్దారు ఒకాయన కనిపించారు. "మీ వైపు పెద్దవాళ్లెవరండి?" అని మా పేరయ్య గారు మొదలుపెట్టారు.

"కల్నల్ గారండి."

"ఆయన ఉత్తరాది మనిషిలా ఉన్నారు. ఆడపిల్లల మంచీ చెడ్డా చూసే ఆడవాళ్లెవరైనా ఉన్నారాండి? కోపం తాపం ఎలా ఉంటుంది వాళ్లకి?"

హవల్దారు పాపం నవ్వు ఆపుకుని అన్నిటికీ జవాబు చెప్పారు. గెల మాత్రం పుచ్చుకోలేదు. అంతలో కల్నల్ గారు మైకులో మాట్లాడారు, హవల్దారు తెలుగులో చెప్పారు. నాలుగేళ్ల సర్వీసు. ఆ నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. గడువయ్యాక నలుగురిలో ఒకరిని ఉంచుకుని మిగతావాళ్లని ఇళ్లకి పంపిస్తారు.

కుక్కుటేశ్వరరావు గారు గెల పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"అయ్యా, నేను ఎన్నో సంబంధాలు చూశానండి. నాలుగేళ్లు చాకిరీ చేయించుకుని ముగ్గుర్ని పుట్టింటికి పంపేస్తామని పెళ్లిచూపుల్లోనే చెప్పిన కుటుంబాన్ని ఇప్పుడే చూస్తున్నాను!"

గ్రౌండంతా గొల్లుమంది. శ్రీదుర్గ చున్నీ మొహం మీదికి లాక్కుంది. ఏమిటన్నాడని కల్నల్ గారు అడిగితే హవల్దారు చెవిలో చెప్పారు. ఆయనా నవ్వేసి ఏదో అన్నారు.

"ఊరికే పంపరండి, వచ్చేటప్పుడు చేతిలో పెద్ద మొత్తమే పెడతారంటున్నారు" అన్నారు హవల్దారు.

"మనోవర్తి అన్నమాట!" అని మా పేరయ్య గారు గట్టిగానే అనేశారు. దాన్ని హవల్దారు హిందీలోకి మార్చలేదు.

తిరుగు బస్సు గోదావరి వంతెన దిగాక, కుక్కుటేశ్వరరావు గారు ముందు సీటు కమ్మీ పట్టుకుని, కూతురి వైపు చూడకుండా "వద్దమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "ఎన్ని ఇళ్లు తొక్కినా, కాపురం చెడి పిల్ల తిరిగొచ్చిన ఇంటి గడప నేను తొక్కలేదు. వాళ్ల పేరు చెబితేనే జనం మాట మార్చేస్తారు. నా ఇల్లే అలాంటిదైతే ఎలా?"

శ్రీదుర్గ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమందికి దారి చూపించే మనిషి కన్నకూతురి దారికి అడ్డంగా కూర్చోవడమేంటి? కానీ ఎవరూ పుచ్చుకోని ఆ గెలని ఆయన ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూసి కోపం దిగమింగుకున్నాను.

ఆర్మీ దరఖాస్తుకి ఆఖరి రోజు వచ్చింది. అది దాటితే తరువాతది నేవీ, ఆ వెనకే ఎయిర్‌ఫోర్స్. ముగ్గురు ఫౌజీలూ ఎవరికి వారు, తమ పిల్ల ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని నా కొట్టుకే వచ్చారు. అప్పటికే శ్రీదుర్గ వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. దాన్ని ఇంటికి తీసుకుపోదామని వెనకే తండ్రీ వచ్చారు. అసలు సంగతి బయటపడడానికి ఎంతో సేపు పట్టలేదు.

"నాకు మాటిచ్చారు కదండీ!" అన్నారు సుబేదారు గారు.

"మీకెప్పుడిచ్చారండి? నా షాపులో సోడా తాగి మరీ నాకిచ్చారు!" అన్నారు విజయ్ పాల్ గారు.

"ఆయ్, ఇద్దరూ ఆగండి. పిల్లకి న్యూటన్ సూత్రాలు చెప్పింది నేనండి. న్యూటన్‌కీ మీ ఈతకీ ఏంటండీ సంబంధం?" అన్నారు ఉదయభాస్కర్ గారు.

అండీ అండీ అనుకుంటూనే కాలర్లు పట్టుకునేదాకా వచ్చారు. ఒకాయన నా కీబోర్డు మీద ఆర్మీ అని కొట్టమంటాడు, ఇంకొకాయన మౌసు లాక్కుంటాడు. కుక్కుటేశ్వరరావు గారు జిరాక్స్ మిషను వెనక నిలబడి చెమటలు తుడుచుకుంటున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మానిటర్ ఆపేశాను.

"మీరు ముగ్గురూ బయట టీ తాగండి. కంప్యూటర్ నాది. ఆ పిల్ల చెబితే గానీ అక్షరం కొట్టను."

ఫౌజీలు కదా, గట్టిగా చెబితే వింటారు. వెళ్లిపోయారు. కుక్కుటేశ్వరరావు గారు మెల్లిగా వచ్చి కూతురి ఎదుట కుర్చీ అంచున కూర్చున్నారు. పెళ్లికొడుకుల తల్లుల్ని, మేనమామల్ని, పాలవాళ్లని అడగడం వచ్చిన మనిషికి ఈ ప్రశ్న ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"నీకేది ఇష్టమమ్మా?"

శ్రీదుర్గ తెల్లబోయింది. "తెలీదు నాన్నగారూ."

"మిలిటరీ అన్నావు కదా!"

"మిలిటరీ అన్నాను. అందులో ఏదని నన్నెవరూ అడగలేదు. మీరు కనుక్కుంటున్నారు కదా, మీరే చెబుతారనుకున్నాను. కాసేపు ఆలోచించుకోనివ్వండి."

ఆలోచించుకోనిచ్చాం. ఫ్యాను తిరుగుతోంది. బయట అరటిగెలల లారీ రివర్సు తీస్తూ అరుస్తోంది. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ ఒక్కొక్కటే తూచుకుంటున్నట్టుంది. పెళ్లికి ముందు నాకూ ఇలా ఒక స్టూలు వేసి, ఒక పూట వదిలేస్తే ఎలా ఉండేదో అనిపించింది.

"మిలిటరీ పోలీసు" అంది చివరికి. "ఓడ కూడా బాగానే ఉంటుంది గానీ, నాకు ఆ గేటు దగ్గరి పని నచ్చింది. ఆ అమ్మాయి అడుగుతుంటే అందరూ ఆగి జవాబు చెప్పారు. కల్నల్ గారు కూడా. మనింట్లో ఎప్పుడూ ఆడపిల్లల్నే కదా కూర్చోబెట్టి అడుగుతారు నాన్నగారూ. నేను అడిగే చోట నిలబడతాను."

ఆయన నాకు మానిటర్ వైపు చెయ్యి చూపించారు. నేను మానిటర్ వేసి వివరాలు కొట్టడం మొదలుపెట్టాను. అవివాహిత అన్న చోట క్లిక్ చేస్తుంటే ఆయన తెర మీదికి వంగి చదువుకున్నారు.

"నాలుగేళ్లయ్యాక పంపించేస్తే?" అన్నారు.

"వచ్చేస్తాను. రానిస్తారా?"

శ్రీదుర్గ ఆ మాట నవ్వుతూ అనలేదు. నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆయన ఏం చెబుతారోనని నాకే భయం వేసింది.

"రానివ్వడమేంటమ్మా, అది నీ ఇల్లు" అన్నారు. ఆ వెంటనే, బయట టీ కొట్టు దాకా వినిపించేలా అన్నారు. "ఎవడైనా వచ్చి మా వీధి చివర కూర్చుని ఆరా తీస్తే నేనే ఎదురెళ్లి చెబుతాను. మా అమ్మాయి వెళ్లింది, చేసింది, వచ్చింది. ఇందులో దాచుకోవడానికేమీ లేదని చెబుతాను. ఇష్టమైనవాళ్లే గడప తొక్కుతారు."

నేను సబ్మిట్ నొక్కేశాను.

ఎన్నో అప్పగింతల్లో పెళ్లికూతుళ్లు వెక్కి వెక్కి ఏడుస్తుంటే, పక్కనే నిలబడి వ్యాన్ డ్రైవరు భోంచేశాడో లేదో కనుక్కునే మనిషాయన. అలాంటిది నా కొట్టులో, ఆ ప్లాస్టిక్ కుర్చీలో, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నారు. టీ గ్లాసులతో ముగ్గురు ఫౌజీలూ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు.

"ఊరుకోండి నాన్నగారూ, ఇంకా పరీక్షే రాయలేదు" అంది శ్రీదుర్గ, ఆయన వీపు మీద చెయ్యి వేసి.

"అయినా సరే" అని ఆయన ఏడుస్తూనే ఉన్నారు.