పెద్ద బాబా చెట్లకు చల్లనీళ్ళు

కువైట్‌లో ఎండాకాలం చల్లనీళ్ళు కావాలంటే వేడినీళ్ళ కుళాయి తిప్పాలి. ఈ మాట మా రాయచోటి వైపు చెబితే నాకు మతి చలించిందనుకుంటారు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు కాగిపోయి ఉంటాయి, మామూలు కుళాయి కింద చెయ్యి పెట్టలేం. అందుకని ఎండలు ముదరగానే గీజరు ఆపేస్తాం. ఇంటిలోపలి ఏసీకి దాంట్లో నీళ్ళు చల్లబడతాయి. అవి అయిపోతే మళ్ళీ చల్లబడేదాకా ఆగాల్సిందే. స్నానానికైనా, చెట్లకైనా ఆ నీళ్ళే గతి.

చెట్లంటే రెండే చెట్లు. ఇక్కడి ఎగైలా పేటలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేమంతా మామా అని పిలిచే ఆమె, జర్మనీ నుంచి తెచ్చుకున్న ఎల్డర్‌బెర్రీ పొదలు. ఆమె నాన్నను మేము పెద్ద బాబా అనేవాళ్ళం. ఆయన్ని వైద్యానికి అక్కడికి తీసుకుపోతే అక్కడే పోయాడు. ఆ ఆసుపత్రి తోటలో ఈ పొదలు తెల్లటి పూలు గుత్తులు గుత్తులుగా పూసేవట. మామా కొన్ని కొమ్మలు తడిగుడ్డలో చుట్టుకొచ్చి నాటిస్తే రెండు బతికాయి. బతికి నా ప్రాణం తీశాయి. చలిదేశపు మొక్కలకు ఈ ఎండలో ఏం సుఖముంటుంది? పూత లేదు, కాయ లేదు, కోరేవన్నీ గొంతెమ్మ కోరికలు. నీడ కావాలి, పైన వల కావాలి, పొద్దు పొడవకముందే చల్లనీళ్ళు కావాలి. నాకెవరైనా ఇంత సేవ చేశారా అని వాటినే తిట్టుకుంటూ నీళ్ళు పోసేదాన్ని.

ఆ వేసవిలో ఇంటిల్లిపాదీ విదేశం పోయే ముందు మామా నన్ను ఆ పొదల దగ్గరికి పిలిచింది. అప్పటికే నేను సెలవు అడిగి ఉన్నాను. మా చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. ముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే. ఆ రెండుసార్లూ నేను ఇక్కడే ఎవరివో గిన్నెలు తోముతూ ఉండిపోయాను. దాని మొగుడు లారీ ఎక్కితే ఏ రాష్ట్రంలో ఉంటాడో వాడికే తెలియదు.

“మేము తిరిగొచ్చేసరికి ఇవి పచ్చగా ఉండాలి. ఉంటే వెంటనే నువ్వు మీ ఊరికి పో. ఎండితే సెలవు మాట ఎత్తొద్దు. ఖలాస్,” అంది మామా.

నా పాస్‌పోర్టు ఆమె బీరువాలో ఉంది. ఎండకు మాడితే పూచీ ఎవరిదని అడుగుదామనుకున్నాను. సరే మామా అన్నాను.

ఇక ఆ వేసవంతా నాకు చెట్ల ధ్యాసే. ఆకు ఒకటి పసుపు తిరిగితే అన్నం సహించేది కాదు. ఇంట్లో మిగిలింది నేనూ, బయటి గదిలో ఉండే జగిత్యాల డ్రైవరూ. “అక్కా, గా చెట్లకు లాలిపాట గూడ పాడరాదు,” అని ఏడిపించేవాడు. ప్రతి శుక్రవారం మామా వీడియో కాల్ చేసేది. నన్ను బాగున్నావా అని అడిగిందో లేదో గుర్తులేదు, చెట్లు చూపించమనేది.

వాళ్ళు రావడానికి వారం ఉందనగా ఇంట్లో కరెంటు పోయింది. కరెంటాయన వచ్చి, బోర్డు తెరిచి, కింద పడున్న స్విచ్చులన్నీ పైకి నెట్టి పోయాడు. ఏసీ తిరిగింది, బతికాం అనుకున్నాను. గీజరును కూడా ఆ బోర్డులోనే ఆపి ఉంచామన్న సంగతి నాకు తట్టనే లేదు.

మర్నాడు పొద్దున్నే ఎప్పట్లాగే వేడి కుళాయికి పైపు తగిలించి, మొన రెండో పొద మొదట్లో పెట్టాను. మొదట వచ్చిన నీళ్ళు పైపులోవి, చల్లగానే ఉన్నాయి. అంతలో లోపల ఫోను మోగితే పోయి తీశాను, చెల్లెలు.

“అక్కా, డాక్టరమ్మ తేదీ ముందుకు జరిపింది. వచ్చే వారమే ఆపరేషనంట. ఈసారన్నా నువ్వుంటావు గదా? నాకు బయంగా ఉండాది.”

“వస్తాండానమ్మా, ఎందుకేడుస్తావు? ఏడిస్తే బిడ్డకు మంచిది కాదు,” అని దాన్ని ఊరడిస్తున్నాను. బయట డ్రైవరు కేక పెట్టాడు.

“అక్కా! పైపు గుంజెయ్! పొగలొస్తున్నయి!”

పొద మొదట్లో సలసల కాగిన నీళ్ళు. ఆవిరి. వట్టి చేత్తో పైపు లాగితే అరచెయ్యి కమిలింది. ఫ్రిజ్‌లో తాగడానికి పెట్టిన సీసాలన్నీ తెచ్చి కుమ్మరించాను. మధ్యాహ్నానికి ఆకులు ఉడికించిన తోటకూరలా వేలాడాయి. ఆ కరెంటాయన్ని, గీజరును కనిపెట్టిన వాణ్ణి, నన్ను, అందర్నీ కలిపి తిట్టాను.

ఆ రోజే శుక్రవారం.

“మంచిగున్నదే సూపెట్టక్కా. రెండోది అడిగితే సిగ్నల్ పోయిందని కాల్ కట్ చెయ్,” అన్నాడు డ్రైవరు. నాకూ అదే మంచిదనిపించింది. ఫోను మోగింది. పచ్చగా ఉన్న పొద చూపించాను. మామా ముఖం విప్పారింది. “రెండోది?” అంది. నా వేలు ఎర్ర గుర్తు మీదికి పోయింది. వారం గడిస్తే ఎలాగూ కళ్ళారా చూస్తుంది కదా. ఫోను అటు తిప్పాను. కరెంటు, బోర్డు, వేడినీళ్ళు, అంతా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆమె ఫోను పెట్టేసింది.

విమానం దిగిన మామా ఒంటి మీది నల్లటి అబాయా కూడా తియ్యకుండా తిన్నగా పొద దగ్గరికి వచ్చింది. ఆకులన్నీ రాలి కట్టెలు మిగిలాయి. గోటితో బెరడు గీకింది. లోపల పచ్చదనం లేదు, గోధుమరంగు. ఇంకో కొమ్మ గీకింది. అదీ అంతే.

“వేరు బతికుంటే చిగురేస్తుంది. వేసేదాకా నువ్వు ఇక్కడే ఉండు,” అంది.

మామాకు ఎదురు చెప్పడం అంతకుముందు నాకు తెలియదు. ఆ రోజు మాత్రం పూనకం వచ్చినట్టు నోరు లేచింది. “అది చెట్టు మామా! అక్కడ నా చెల్లెలు. ఎల్లుండి దాని పొట్ట కోస్తారు. బిడ్డ బతుకుతుందో లేదో, అది బతుకుతుందో లేదో! పక్కన ఎవరూ లేరు. చిగురు వచ్చాక నేను పోయి ఎవర్ని చూడాలి?”

ఆమె నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది.

డ్రైవరు పరుగున వచ్చాడు. “ఏందక్కా గట్ల అరిసినవ్? దేశం పంపిచ్చేస్తరు నిన్ను!”

“పంపిస్తే యాడికి పంపుతారబ్బా? ఇంటికే గదా?” అన్నాను. అన్నానే గానీ, వంటింట్లో నేల మీద కూలబడ్డాను.

ఎంతసేపటికో మామా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా పాస్‌పోర్టు బల్ల మీద పెట్టింది.

“మా నాన్న పోయినప్పుడు నేను గదిలో లేను,” అంది. “కింద తోటలో, ఆ చెట్టు దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాను. పైకి వెళ్ళేసరికి మొహం కప్పేశారు. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.” కాసేపు నా కమిలిన అరచెయ్యి చూసింది. “నువ్వు పో. టికెట్టు తెమ్మని డ్రైవరుకు చెప్పాను. యల్లా, బయల్దేరు.”

వారమంతా ఆమె మీద దాచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది.

రాయచోటిలో ఆపరేషన్ గది తలుపు దాకా చెల్లెలు నా చెయ్యి వదల్లేదు. నర్సమ్మ విసుక్కుంటూ దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. బయట వరండాలో మా పక్కింటామె, “అట్లా కిందికొచ్చి టీ తాగుదువు రా,” అని రెండుసార్లు పిలిచింది. లోపల బిడ్డ ఏడుపు వినబడేదాకా నేను ఆ తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.