కృతజ్ఞతల జాబితా

పాము పగ పన్నెండేళ్లంటారు గానీ, ఈ ప్రోగ్రామరమ్మది ఆరేళ్లకే పండింది. అప్పట్లో ఆమె రాసిన సాఫ్ట్‌వేర్ మీద మేనేజరు ఆమె పేరు చెరిపేసి సొంత పేరు వేసుకున్నాడు. ఆమె ఉద్యోగం మానేసి, అంతకన్నా మంచిది రాసి లోకానికి ఊరికే పంచుతోంది; దానికి ఎవరైనా మార్పులు రాసి పంపొచ్చు. ప్రతి విడుదలకూ ముందు కళ్లజోడు తుడుచుకుని, సాయపడినవాళ్ల పేర్లు రెండుసార్లు పైకి చదువుకుంటుంది. ఆ జాబితాలో ఉండటం గొప్పని తెలిసి, ఈసారి ఆ పాత మేనేజరూ ఓ చిన్న మార్పు పంపాడు.

"నా పేరు మరిచిపోకమ్మా!"

మరవలేదు. అందరికన్నా పైన పూర్తి పేరు, హోదా వేసి, పక్కనే రాసింది: "ఒక బటన్ రంగు మార్చారు."

సాయంత్రానికల్లా ఫోను. "ఆఫీసంతా నవ్వుతోంది, తీసెయ్ తల్లీ!"

"తొమ్మిది వేలమంది డౌన్‌లోడ్ చేసేసుకున్నారు సార్. ఇంటింటికీ వెళ్లి చెరుపుకురండి," అంది, ఎంతో మర్యాదగా.