మా మేనత్త ఎడమ భుజం

మా మేనత్త పోయిందని నాన్న ఫోను చేసినప్పుడు నేను మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే బస్సులో నిలబడి ఉన్నాను. కుప్పం ఆసుపత్రిలో, ఆపరేషన్‌కు తీసుకెళ్లేలోపే.

"ఆదివారం బాగానే ఉండింది కదా నాయినా," అన్నాను.

నేను కాళ్లు ముందొచ్చి, ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు కాలితో మూడుసార్లు రాస్తే పట్టేసిన నడుమూ మెడా వదులుతాయని మా వైపు నమ్మకం. బడిలో పిల్లలు తన్నుల పిల్ల అని ఏడిపించేవాళ్లు. గుడుపల్లె దగ్గర పల్లెలో ఉండే మేనత్తే దాన్ని నాకు గౌరవంగా మార్చింది. సెలవులకు వెళితే అరుగు మీద నడుం నొప్పులవాళ్లను వరసగా పడుకోబెట్టేది. "మెల్లిగా పాపా, అది నడుము, సైకిల్ పెడలు కాదు," అనేది. అయ్యాక నా పాదాలు తనే కడిగి అన్నం పెట్టేది. చదువుకున్నాక నాకు ఆ నమ్మకం పోయింది. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు.

పోయిన నెల పాలు పితుకుతుంటే ఆవు అత్తను ఎడమ పక్కటెముకల కింద తన్నింది. వాపు లేదు, కమిలింది లేదు. మూడో రోజు నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది.

"పడుకుంటే ఎడం బుజం పీకతాండాది. ఆవు తన్నింది ఈడ, నొప్పేమో ఆడ. దానికి కూడా దోవ తెలీనట్టుండాది," అని నవ్వింది. రెండు ముద్దలకే కడుపు నిండిందని కంచం పక్కకు నెట్టింది. అన్నీ చూశాను.

"ఆసుపత్రికి పోదాం రా అత్తా."

"పోతే లేంది కూడా ఉండాదంటారు. నీ కాలుండంగా ఆసుపత్రి యాల?"

కాదనలేక పాదం ఆనిస్తే ఆమె భుజం చల్లగా, చెమ్మగా తగిలింది. ఎండ మండిపోయే వేళ అది. మూడోసారికి ఊపిరి వదిలి, "పోయింది పాపా," అంది. తర్వాత ఐదు రోజులు నొప్పి అనే మాటే ఎత్తలేదు. పొలానికి వెళ్లింది. ఫోనులో నాతో నవ్వింది. ఎనిమిదో రోజు బట్టలు ఆరేస్తూ కుప్పకూలింది.

"ఆవు తన్నిన రోజే, ఎడమ డొక్కలో ఉండే ప్లీహం లోపల చీలింది," అన్నాడు డాక్టరు. "పైపొర కింద రక్తం చేరుతూ వచ్చింది. పొర తెగేదాకా మనిషి తిరుగుతూనే ఉంటారు. ఆ భుజం నొప్పి కడుపులోదేనమ్మా."

"నేను కాలు పెట్టినందుకా సార్?"

"భుజం తాకితే ప్లీహం చీలదు. ఆ రోజే తెచ్చుంటే స్కానింగులో కనపడేది."

ఆయన మొదటి మాట నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు రెండోదే వినిపిస్తూ ఉంది.

అత్త పోయిన పదకొండో రోజు, కర్మకు వచ్చినవాళ్లంతా భోంచేసి వెళ్లాక పక్కింటామె వచ్చి అరుగు మీద బోర్లా పడుకుంది. "నడుం పట్టింది పాపా. మూడుసార్లు రాయి."

"కుప్పం పోదాం రా అక్కా, సూపిద్దాం."

"నడుం పట్టుకి కుప్పమా? నీ కాలు తగిల్తే సాలని మీ అత్త అనేది కదా."

నేను కదల్లేదు. ఆమె బండకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, నా పాదం కోసం అలాగే పడుకుని ఉంది.