ఎవరూ అడగని నాయన పేరు

కంబదూరులో లింగన్నకు రెండు పొయ్యిలు. ఒకటి తాళి కట్టిన తిమ్మక్కది, రెండోది చేనిగట్టు గుడిసెలో నల్లమ్మది. ఇరవై ఏళ్లుగా ఊరంతటికీ తెలిసిన ఈ సంగతి ఎవరికీ తెలియదని నమ్మినవాడు ఒక్కడే. లింగన్నే.

అందుకే ఆ కరువు ఏడాది దర్జీ తిప్పయ్య తన కొట్లో మిషను ఆపి పుస్తకం చదువుతుంటే అందరికంటే ముందు అదిరిపడ్డది ఆయనే.

"మొదట్లో మనుషులకు పెండ్లే లేదంట. గుంపుకు గుంపు మొగుడూ పెండ్లాలంట. బిడ్డకు నాయనెవురో తెలీక అమ్మ పేరుతోనే ఇల్లు నడిచేదంట. కొందరు పండితుల లెక్క ఇది," అన్నాడు తిప్పయ్య.

లింగన్న చెవులు మూసుకున్నాడు. "థూ, ఏం పుస్తకమప్పా అది. ఆడోళ్లుండారు ఈడ."

రవిక కోసం వచ్చిన నల్లమ్మ గడప దగ్గరే కూచుంది. "అమ్మ పేరు చెప్తే చాలునా, తిప్పన్నా?"

"ఆ కాలంలో చాలునక్కా."

లింగన్న లోలోపల లెక్కలేసుకున్నాడు. సోమవారం నల్లమ్మ కూతురు చిన్నక్కను చూడటానికి కుందుర్పి వాళ్లు వస్తున్నారు. నాయనెవరని అడుగుతారు. తన పేరు చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పిల్ల పెళ్లి పోతుంది.

సోమవారం ఆయన దారిన పోయేవాడిలా వచ్చి గుడిసె ముందు కూర్చున్నాడు. పిల్లవాడి తండ్రి అంజినప్ప అడగనే అడిగాడు. "పిల్ల నాయన యాడమ్మా?"

"మాది నల్లమ్మ ఇల్లు. కరువు పనిలో రాళ్లు కొట్టి నేనే సాకినా. ఇష్టమైతే చేసుకోండి, లేకుంటే మజ్జిగ తాగి పోండి."

 లింగన్న పేరు బయటపడలేదు. మరి మనసు ఎందుకు కలుక్కుమన్నదో.

అంజినప్ప నవ్వాడు. "మా అవ్వ గూడా ఇట్లనే మాట్లాడేది. పిల్లను పిలువు."

ఇంటికెళితే తిమ్మక్క సంగటి ముద్ద పెడుతూ అంది, "నీ కూతురి పెండ్లి కుదిరిందంట. ఈ కరువులో పెండ్లికి నీళ్లెవురు మోస్తారు?"

"నా కూతురా?" అన్నాడు ఆయన.

"ఇరవై ఏండ్లు పంట లేని చేనికి కావిలి పోతివి. నేనేమన్నా అడిగినానా? పో, కావడెత్తు."

పెళ్లినాడు రెండు మైళ్ల నుంచి నీళ్లు మోసుకొచ్చాడు. పందిట్లో కుందుర్పి పెళ్లివారిలో ఒక ముసలాయన ఆపాడు. "ఎవురప్పా నువ్వు, కూలోనివా?"

పందిరంతా ఇటు తిరిగింది. లింగన్న కావడి దించకుండానే అన్నాడు, "పిల్ల నాయన్ని."

తిప్పయ్య నోట్లోంచి వక్క జారిపడింది. నల్లమ్మ ఆయన్నే చూస్తూ ముందుకొచ్చింది. 

"కావడి దించు. నీళ్లు ఒలుకుతాండాయి."