మా మేనత్త ముక్కు

మా మేనత్త మనుషుల్ని చూడదు, వాసన చూస్తుంది.

గుమ్మంలోకి ఎవరొచ్చినా, కూర్చోమనేలోపే ఆవిడ ముక్కు వాళ్ళ భుజం మీద ఉంటుంది. ఆపైన వీధంతా వినేట్టు ప్రకటన. "ఈ చొక్కా నిన్నటిది!" "ఉల్లిపాయలు తరిగి చేతులు కడుక్కోలేదు!" ఆవిడ మా ఇంట్లోనే బట్టలు కుడుతుంది; చొక్కా కొలతలివ్వడానికి వచ్చిన హెడ్మాస్టరుగారిని కూడా వదల్లేదు.

"సిగరెట్టు! మానేశారని మీ ఆవిడ చెప్పిందే?"

ఆ ఆవిడ పక్కనే ఉంది. అప్పట్నుంచీ ఆయన రెడీమేడ్ చొక్కాలే తొడుక్కుంటున్నాడు.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తున్న మా తమ్ముణ్ణి గుమ్మంలో ఆపింది.

"ఏం వాసనక్కా?" అన్నాడు నాన్న నవ్వుతూ.

అత్త మరోసారి పీల్చింది. "సబ్బు. మంచి సబ్బు," అని లోపలికి వెళ్ళిపోయింది. అంత పొట్టి ప్రకటన ఆవిడ జన్మలో చేయలేదు.

మర్నాడే అత్త కుట్టు మిషన్ తోపుడుబండి ఎక్కింది. కాలేజీ పక్కనున్న సిగరెట్ల కొట్టు ఎదురుగా దిగింది. ఆ కొట్టువాడు చాటుగా గంజాయి అమ్ముతాడని అందరికీ తెలుసు. పైకి అనే ధైర్యమే ఎవరికీ లేదు.

"కంపు! గంజాయి కంపు!" అని అత్త కుడుతూనే అరిచేది. కుర్రాళ్ళు కొట్టువైపు వస్తే, "నీ గుండీ ఊడింది, ఇలా రా" అని కాలరు పట్టుకునేది. ఊడని గుండీలు కూడా ఊడాయి.

కొట్టువాడు మీదికొచ్చాడు. "లేస్తావా, మిషన్ తన్నమంటావా?"

"తన్ను. ఇనుముది. కట్టు పడేది నీ కాలికే."

ఆ మాట చెవినపడ్డ కుర్రాళ్ళ తల్లులు చిరుగుబట్టలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి అత్త చుట్టూ కూర్చున్నారు. వాళ్ళెవరూ లేవలేదు. చివరికి పోలీసులే రావాల్సి వచ్చింది. కొట్టుకి తాళం పడింది.

ఈ గొడవలోనే అత్తకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. వారం వారం తమ్ముణ్ణి తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళేది. నొప్పి తగ్గడానికి ఏడాది పట్టింది.

ఆమధ్య అందరం భోజనం చేస్తుండగా తమ్ముడు తలెత్తాడు.

"నాన్నా, ఆ డాక్టరు మోకాళ్ళ డాక్టరు కాదు. గంజాయి మాన్పించే డాక్టరు. వైద్యం నాకు. నేను పారిపోకుండా అత్త నా చెప్పులు ఒళ్ళో పెట్టుకుని బయట కూర్చునేది."

నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఎడమచేత్తో తమ్ముడి వీపు నిమిరి, అత్తవైపు తిరిగాడు.

"వాసన చూసిన రోజే నీకు తెలుసన్నమాట! మరి సబ్బన్నావేంటక్కా?"

"జలుబు చేసింది," అంది అత్త. "ఏం, నాకు చెయ్యకూడదా?"