చార్లీకి సి గ్రేడు

పోయిన నెల నేను చేసిన పని వింటే, ఇక మీరు నన్ను టీచరమ్మా అని పిలవడం మానేస్తారు. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

ఈ ఏడాది మా స్కూల్లో ఇయర్ ఎయిట్ ఇంగ్లీష్ ప్లాన్ మొత్తం నన్నే రాయమన్నారు. తణుకులో గ్రామర్ బట్టీ పట్టినదాన్ని, పెర్త్‌లో పుట్టిన పిల్లలు ఏడాదంతా ఏం చదవాలో, ఏం రాయాలో నేను నిర్ణయించాలట! జనవరిలో వచ్చే మన పెర్త్ ఎండాకాలం సెలవులన్నీ దానికే పోయాయి. బయట నలభై డిగ్రీల ఎండ, లోపల డైనింగ్ టేబుల్ నిండా నా కాగితాలు. మా ఆయనా, మా అమ్మాయీ నెల రోజులు సోఫాలో కూర్చునే తిన్నారు. ఫస్ట్ టర్మ్ నవల, సెకండ్ టర్మ్ ఉత్తరాలు, ఆ తర్వాత వ్యాసాలు, ఆఖర్న కవిత్వం. వారం వారానికీ ఒక రంగు కూడా వేశాను.

నాకు ప్రాణం మాత్రం సెకండ్ టర్మే. మా స్కూలు వెనకాలే వృద్ధుల హోమ్ ఒకటుంది. అక్కడి పెద్దవాళ్ళు, తాము మర్చిపోలేని ఒక రోజు గురించి మా పిల్లలకి ఉత్తరం రాయాలి. పిల్లలేమో తమని ముసలివాళ్ళుగా ఊహించుకుని అలాంటిదే రాయాలి. నేను పిల్లలవి దిద్ది ఇచ్చేస్తే, అందరం హోమ్‌కి వెళ్తాం. జంటలుగా కూర్చుని చదువుకుంటారు. ఐడియా బాగుంది కదా?

రెండు కట్టలూ మా ఇంటికే వచ్చాయి. ఆ ఆదివారం చర్చి అయ్యాక మీరందరూ భోజనానికి వచ్చారు చూడండి, అప్పుడే టేబుల్ ఖాళీ చేస్తూ రెండింటినీ ఒకే సంచీలో కుక్కేశాను. కాబట్టి తప్పులో కొంచెం వాటా మీది కూడా!

మర్నాడు దిద్దడానికి కూర్చున్నా. ఒక కాగితం కింద ‘చార్లీ’ అని ఉంది. మా క్లాసులో షార్లెట్ అనే పిల్లని అందరూ చార్లీ అనే పిలుస్తారు. రెండు వారాలుగా జ్వరమని రాలేదు. అయినా రాసి పంపిందే అని ముచ్చటేసింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, అవి మామూలుగానే అలా ఉంటాయి.

భార్య జోన్ చనిపోయిన రోజుల గురించి ఒక ముసలాయన చెప్తున్నట్టు రాసి ఉంది. ఫ్యునరల్‌లో తనకి ఏడుపు రాలేదట. వచ్చినవాళ్ళకి పెట్టాల్సిన శాండ్‌విచ్‌లు ఇంకా రాలేదేంటా అని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడట. ఎనిమిది నెలల తర్వాత పెయింట్ కొనడానికి వెళ్తే షాపతను ఏ రంగు కావాలన్నాడట. “జోన్‌ని అడిగి చెప్తా” అనేసి, కారులో కూర్చుని గంటసేపు ఏడ్చాడట.

నేను ఎర్ర పెన్ను తీశాను. “వాక్యాలు బాగున్నాయి. కానీ భార్య పోయిన మనిషి శాండ్‌విచ్‌ల గురించి ఆలోచించడు. నమ్మేలా లేదు. పెద్దవాళ్ళతో మాట్లాడి, నిజమైన బాధ ఎలా ఉంటుందో తెలుసుకో. గ్రేడు: సి.”

గురువారం హోమ్‌కి వెళ్ళాం. చార్లీ ఆ రోజే స్కూలుకొచ్చింది. తన కాగితం తన చేతిలో పెట్టి, కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చున్న ఒక పెద్దాయన పక్కన కూర్చోబెట్టాను. ఎనభై ఆరేళ్ళుంటాయి, టై కట్టుకుని మరీ వచ్చారు.

“మిస్, ఇది నాది...”

“నీదేనమ్మా, చదువు. గట్టిగా, సరేనా?”

పాపం, చదివింది. జోన్ పేరు రాగానే ఆయన టీ కప్పు కింద పెట్టేశారు. నేను వెనక నిలబడి, మనసుకి ఎంత బాగా తగులుతోందో చూశావా, నా ప్లాన్ అంటే ఇదీ అనుకుంటున్నా. ఉత్తరం అయిపోయింది. ఆ పిల్ల ఆగలేదు. గట్టిగా చదవమన్నాను కదా, నా ఎర్ర అక్షరాలు కూడా చదివేసింది. ‘నమ్మేలా లేదు’ దగ్గర్నుంచి ‘సి’ వరకూ!

ఆయన మెల్లగా అన్నారు, “అది నా ఉత్తరమమ్మా. నా పేరూ చార్లీయే.”

ఆయన కుర్చీ పక్కనే కార్పెట్ మీద కూలబడిపోయాను. సారీ అన్నాను, మళ్ళీ మళ్ళీ అదే అన్నాను.

“మీరు రాసిందాంట్లో తప్పేం లేదు,” అన్నారు. “భార్య పోతే మనిషన్నవాడు అలా ఆలోచించకూడదని నాకూ అనిపించింది. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.”

ఇన్నేళ్ళుగా ఆయన తనని తాను తిట్టుకుంటున్న మాటనే, నేను ఎర్ర ఇంకుతో రాసి పంపాను.

అప్పుడు మా చార్లీ అంది, “మా గ్రాండ్‌మా చనిపోయినప్పుడు నేను ఫ్యునరల్ అంతా నెట్‌బాల్ మ్యాచ్ గురించే ఆలోచించాను. మమ్‌కి చెప్పలేదు.”

ఆయన ఆ పిల్ల వైపు తిరిగి, “గెలిచారా మరి?” అన్నారు.

“లేదు.”

“మా శాండ్‌విచ్‌లు కూడా బాగాలేవు,” అన్నారు.

ఇద్దరూ నవ్వుకున్నారు. మేం బయల్దేరేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ పిల్ల ఒకసారి కళ్ళు తుడుచుకుంది, ఆయన జేబురుమాలు ఇచ్చారు. నేను మాత్రం అక్కణ్ణించి లేవలేదు.

వెళ్ళేముందు, “గ్రేడు మారుస్తానండీ,” అన్నాను.

“వద్దు, ఉండనివ్వండి. నేను రాసింది ఇంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు,” అని కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మాయి, “మమ్, యూ గేవ్ అ గ్రాండ్‌పా అ సి?” అని నోరు తెరిచేసింది. మా ఆయన టీ పెట్టి ఇచ్చారు.

ఇప్పుడు ప్రతి గురువారం స్కూలయ్యాక హోమ్‌కి వెళ్తున్నా. ఆయనే చెప్పినట్టున్నారు, నలుగురైదుగురు కాగితాలు పట్టుకుని రెడీగా కూర్చుంటున్నారు, దిద్దమని. పోయిన వారం బెరిల్ అనే ఆవిడ తన పెళ్ళి రోజు గురించి రాసింది. నిజంగా బాగుంది, బి ప్లస్ ఇచ్చాను.

సి వచ్చిన చార్లీగారు అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు.