హోదా ప్రకారం దిగాలి

కారు పంచుకుని ఆఫీసుకెళ్లే ముగ్గురిలో ల్యాబు అమ్మాయిదే చిన్న ఉద్యోగం కనక, తిరిగి ఇళ్లకెళ్లేటప్పుడు ఆమె ఆఖర్న దిగాలి. ఆమె పాపను ఉంచే క్రెష్ దారిలోనే ఉన్నా, కారు దాన్ని దాటుకుపోయి, మేనేజరుగారిని ఆయనింటి గుమ్మంలో దింపి, మళ్లీ వెనక్కొచ్చేది. దారి పొడుగునా ఆయన ఉపన్యాసం మాత్రం పెట్రోలు పొదుపు మీదే.

ఓ సాయంత్రం కారెక్కాక క్రెష్ ఆయా ఫోన్ చేసింది. పాప ఒళ్లు కాలిపోతోందట.

"సార్, నన్ను క్రెష్ దగ్గర దింపెయ్యండి. పాపకి జ్వరం."

కారు నడుపుతున్న అకౌంటెంటు అద్దంలో మేనేజరు ముఖం చూశాడు.

"ఇలా వెళ్లి అలా వచ్చేస్తాం కదమ్మా. పద్ధతి పద్ధతే," అన్నాడు మేనేజరు.

క్రెష్ ముందు సిగ్నల్ పడగానే ఆమె తలుపు తీసుకుని దిగిపోయింది.

"రేపట్నుంచి ఎలా వస్తావమ్మా?" అకౌంటెంటు కంగారుపడ్డాడు.

"బస్సులో అన్నా. దానికి హోదాలు తెలీవు, స్టాపులే తెలుసు," అంటూ పరుగెత్తింది.